జపాన్‌లో బయట తిండి మనకు కుదురుతుందా?

అమ్మానాన్నలతో జపాన్ వెళ్తున్నామని, అక్కడి తిండి పడుతుందా లేక ఇండియన్ రెస్టారెంట్లు వెతుక్కోవాలా అని అడిగారు. నాన్నగారు చేప, కోడి తింటారు, అమ్మగారు శాకాహారి అన్నారు కాబట్టి ఇద్దరి సంగతీ విడివిడిగా చెప్తాను.

నాన్నగారికి పెద్దగా ఇబ్బంది లేదు. నా అనుభవంలో మంచి భోజనం దొరికేది ఒకే వంటకాన్ని నమ్ముకున్న చిన్న కొట్లలోనే. సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) కొట్టయితే సోబా, టెంపురా (చేప, రొయ్య, కూరగాయలను పిండిలో ముంచి వేయించేది) కొట్టయితే టెంపురా. అదీ మధ్యాహ్నం వెళ్ళండి. రాత్రి ఖరీదుగా ఉండే చోట్ల కూడా మధ్యాహ్నం అన్నం, మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది), ఊరగాయ, ఒక ప్రధాన వంటకం కలిపి ‘తెయిషోకు’ అని బాగా తక్కువకే పెడతారు.

టోక్యోలో తిన్న జరు సోబా రుచి నేనింకా మర్చిపోలేదు. వెదురు తడిక మీద చల్లటి బూడిదరంగు నూడుల్స్, పక్కన చిన్న కప్పులో సోయా పులుసు, ఉల్లికాడ తరుగు, వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద. కొస మాత్రం ముంచి జుర్రున పీల్చాలి, చప్పుడైతే అక్కడెవరూ తప్పు పట్టరు. తినడం అయ్యాక లక్క పూత వేసిన బుల్లి పాత్రలో సోబా ఉడికించిన వేడి నీళ్ళు తెచ్చారు. మిగిలిన పులుసులో కలుపుకుని తాగితే, ఉప్పేసిన గంజి తాగినంత హాయిగా ఉంది. సోబా పిండి కొందరికి తీవ్రంగా అలర్జీ చేస్తుంది, ఆ ఒక్కటీ చూసుకోండి.

రామెన్ (వేడి రసంలో నూడుల్స్) కొట్లలో చాలాచోట్ల గుమ్మం పక్కనే టికెట్ మెషీన్ ఉంటుంది. డబ్బు వేసి, బటన్ నొక్కి, వచ్చిన చీటీ లోపల ఇవ్వాలి. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, కొన్ని పాత మెషీన్లు వాటిని తీసుకోవు. అందుకే చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. నాన్నగారు చేప, కోడి మాత్రమే తింటే ఈ పేర్లు గుర్తుంచుకోండి: తోన్‌కోత్సు అంటే పంది ఎముకల రసం, గ్యూడోన్ అంటే అన్నం మీద గొడ్డుమాంసం. జపనీస్ కర్రీ రైస్‌లో పైకి ముక్క కనిపించకపోయినా గ్రేవీలో మాంసం రసం ఉండొచ్చు. టిప్పు ఎక్కడా ఇవ్వక్కర్లేదు. రాత్రి ఇజకాయాల్లో (మందుతో పాటు చిరుతిండి పెట్టే కొట్లు) అడగకుండానే ఓ చిన్న గిన్నెలో చిరుతిండి పెట్టి బిల్లులో కలుపుతారు, అది అక్కడి పద్ధతి.

ఇక అమ్మగారి విషయంలో గట్టిగా జాగ్రత్తపడండి. ‘చేప వద్దు’ అంటే సరిపోదు. ఎండుచేప తురుముతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాచే ‘దాషి’ అనే రసం అక్కడి వంటకు పునాది. మిసో సూప్‌లోనూ, సోబా పులుసులోనూ, టోఫూ మీద పోసే రసంలోనూ అదే ఉంటుంది. దుకాణాల్లో దొరికే ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) అన్నం ముద్దల్లో కూడా ఒక్కోసారి చేప సారం కలుపుతారు, ఫోన్‌లో అనువాద యాప్‌తో లేబుల్ చదవండి. మాంసం, చేప, దాషి వద్దని జపనీస్‌లో రాసిన కార్డు కూర్చోకముందే చూపించండి. కుదరదంటే నొచ్చుకోవద్దు. రసం పొద్దున్నే కాచేసి ఉంటుంది, మనకోసం మార్చలేరు, అందుకే నిజం చెప్పేస్తారు.

అమ్మగారి కోసం నేనైతే ఒక రాత్రి కోయసాన్ అనే కొండమీది ఆలయాల ఊళ్ళో ఉంటాను. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి నన్‌కాయ్ కంపెనీ రైలు, ఆ తర్వాత కేబుల్ కార్, మొత్తం రెండు గంటల పైచిలుకు. అక్కడి బౌద్ధ ఆలయాల్లో బస చేయొచ్చు. షోజిన్ ర్యోరి అని మాంసం, చేప లేకుండా వండిపెడతారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నువ్వులతో చేసే గోమా టోఫూ తప్పకుండా తినమనండి. గది బుక్ చేసేటప్పుడే చేపతో కాచిన దాషి కూడా వద్దని రాయండి. రాత్రి భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు, చీకటి పడకముందే చేరుకునేలా బయల్దేరండి.