ఇంజినీరింగ్ వద్దు, జియాలజీ చదువుతానంటోంది!

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కానీ బీటెక్ వద్దు, బీఎస్సీ జియాలజీ చేస్తానని పట్టుబట్టింది. ‘రాళ్ళ చదువు ఆడపిల్లకెందుకు’ అని బంధువులంటున్నారు. అసలు దీనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: బంధువుల సంగతి అలా ఉంచండి, ఉద్యోగాల గురించి మీ టెన్షన్ మాత్రం సబబైనదే. బీఎస్సీతో చదువు ఆపేసే ఉద్దేశం ఉంటే జియాలజీలో చేర్పించకండి. ఎమ్మెస్సీ దాకా చదివించే ఓపిక, స్తోమత ఉంటే నిశ్చింతగా చేర్పించండి. డిగ్రీతోనే గనుల శాఖలో రాయల్టీ ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టులు ఉన్నా అవి అరుదుగా పడతాయి. చెప్పుకోదగ్గ ఉద్యోగాలన్నీ పీజీ అడుగుతాయి. నాలుగేళ్ళ ఆనర్స్ చేసినా అంతే.

ఎక్కువమంది కలలుగనేది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగం. 1851లో పుట్టిన సంస్థ. యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా తీసుకుంటారు. గ్రూప్ ఎ హోదా, మూల వేతనం నెలకు 56,100 రూపాయలతో మొదలు. భూగర్భ జలాల బోర్డులో హైడ్రోజియాలజీ పోస్టులకూ ఇదే పరీక్ష. అయితే కోచింగ్ సెంటర్లు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. 2023 నోటిఫికేషన్‌లో మొత్తం 285 ఖాళీలు చూపిస్తే, 2024లో 56కు పడిపోయాయి, 2025లో 85. మీ అమ్మాయి పీజీ పూర్తిచేసే ఏడాది ఎన్ని ఉంటాయో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుని చదివించకండి.

మిగతా దారులు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. దేశంలో జియాలజీ చదివే ప్రతి విద్యార్థీ ‘కడప బేసిన్’ (మీ ప్రాంతంలోని అతి పురాతన రాతి పొరల విస్తీర్ణం) పేరు విని తీరాలి. మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళే సున్నపురాయి, అన్నీ మీ వైపువే. సిమెంటు ఫ్యాక్టరీకి జియాలజిస్టుతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. క్వారీలో రాయంతా ఒకేలా ఉండదు. ఒక బెంచీలో (మెట్టులా తవ్విన భాగంలో) సున్నం శాతం బాగుంటుంది, పక్క బెంచీలో మెగ్నీషియా ఎక్కువై సిమెంటుకు పనికిరాకుండా పోతుంది. శాంపిళ్ళు తీయించి, ఈ వారం ఏ బెంచీ తవ్వాలి, దాన్ని ఏ రాయితో కలపాలి అని తేల్చేది జియాలజిస్టే. తవ్వకం పని మైనింగ్ ఇంజినీరుది. ఈ రెండు చదువులూ ఒకటేననుకుని పొరబడేవాళ్ళు చాలామంది.

రాయలసీమలో నీళ్ళ పని కూడా తక్కువేం లేదు. ఇనుప కడ్డీలు నేలలో దించి, కరెంటు పంపి, లోపలి పొరల నిరోధాన్ని కొలిచి బోరు పాయింటు చెప్పే సర్వేలు చేసి సొంతంగా బతుకుతున్నవాళ్ళున్నారు. కాకపోతే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో తిరిగేవారితో పోటీ పడాలి! పరిశోధన అంటే ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అణు ఖనిజాల డైరెక్టరేట్, ఎన్ఆర్ఎస్‌సీ (ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఇస్రో కేంద్రం) ఉన్నాయి. ఎంపీసీ చదివింది కాబట్టి జియోఫిజిక్స్ (భూమిని భౌతికశాస్త్ర పద్ధతుల్లో పరిశీలించే చదువు) వైపు మళ్ళినా లెక్కలు ఇబ్బంది పెట్టవు.

ఇక ‘ఆడపిల్లకెందుకు’ అన్న మాట. భూగర్భ గనుల్లో మహిళలు పనిచేయకూడదన్న నిబంధన చాలాకాలం ఉండేది. 2019లో దాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో పగటి వేళ గనిలోకి దిగేందుకు కేంద్రం అనుమతించింది. ఫీల్డ్ ఉద్యోగమంటే ఎండలో నడక, ఊరు కాని ఊళ్ళో మకాం తప్పవు, అది మగపిల్లలకైనా కష్టమే. నాకు ఆడా మగా అన్న తేడా కన్నా ఎండకు ఓర్చుకోగలరా లేదా అన్నదే ముఖ్యం. అది తేల్చుకోవడానికి ఒక ఆదివారం గండికోట తీసుకెళ్ళండి. సెల్ఫీలయ్యాక లోయ అంచున పొరలు పొరలుగా ఉన్న రాతిని చూసి, పొరలు ఎటు వాలాయి, ఎక్కడ పగిలాయి అని తనంతట తాను గమనిస్తోందేమో చూడండి. అరగంటలో కారెక్కుదామంటే మళ్ళీ ఆలోచించుకోవచ్చు.

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉంటే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో నేరుగా జియాలజీ కోర్సుల్లో చేరొచ్చు. తిరుపతి లాంటి ఐసర్‌లకైతే (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థలు) వేరే ప్రవేశ పరీక్ష ఉంది. ఆ అవకాశాలు దాటిపోయినా కంగారు లేదు. బీఎస్సీ చివరి ఏడాదిలో జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి జియాలజీ పేపర్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే అవే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. రాష్ట్రంలోనే అయితే ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు, మీకు దగ్గర్లో యోగి వేమన ఉన్నాయి.

బీఎస్సీకి కాలేజీని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. కొన్నిచోట్ల జియాలజీ ఉన్నట్టే ఉంటుంది, రెగ్యులర్ లెక్చరర్ ఉండరు. డిపార్ట్‌మెంటుకు స్వయంగా వెళ్ళి మైక్రోస్కోపులు చూపించమనండి. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అతికించి వాటి కింద చూస్తారు. పిల్లలు ఆ పని తమ చేతులతో చేస్తున్నారా, లేక అవి బీరువాలో తాళం వేసి ఉన్నాయా? తర్వాత మూడో ఏడాది విద్యార్థి ఎవరినైనా ఫీల్డ్ నోట్‌బుక్ అడిగి చూడండి. చేత్తో గీసిన స్కెచ్‌లు, కంపాస్‌తో తీసుకున్న స్ట్రైక్, డిప్ (రాతి పొర సాగే దిశ, వాలు) కొలతలు, తేదీలతో సహా ఉంటే అక్కడే చేర్పించండి. ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసినట్టు అన్నీ ఒకేలా ఉంటే మరో కాలేజీ చూసుకోండి.