ముక్కిన తవుడు పెడితే కోడిపిల్ల ఎదగదు

ప్రశ్న: పెరట్లో 200 వనరాజా జాతి కోడిపిల్లల్ని పెంచుతున్నాను. దాణా నేనే కలుపుతాను. మిల్లు నుంచి ఒకేసారి తెచ్చిన పచ్చి తవుడు రెండు నెలలుగా వాడుతున్నాను. నాలుగు వారాలు దాటినా పిల్లలు బరువు రావడం లేదు. కొన్ని మెడ మెలితిప్పుకుని పడిపోతున్నాయి. విటమిన్ ఇ, సెలీనియం టానిక్ డబుల్ డోసు పట్టమని మందుల షాపులో చెప్పారు. పట్టవచ్చా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: డబుల్ డోసు వద్దండి. ముందు ఆ తవుడు ఆపేయండి.

పచ్చి తవుడులో 12 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. బియ్యం పాలిష్ పట్టిన దగ్గర్నుంచే తవుడులోని లైపేజ్ ఎంజైము ఆ నూనెను విడగొడుతుంది. ఆ కొవ్వుకు గాలి తగిలి పెరాక్సైడ్లు అనే చురుకైన పదార్థాలు పుడతాయి. రెండు నెలలు నిల్వ ఉన్న తవుడు ముక్కిపోకుండా ఉండదు. ఆ పెరాక్సైడ్లు దాణాలోని విటమిన్ ఇ ని బస్తాలోనే పాడు చేస్తాయి, మిగిలినవి పిల్ల ఒంట్లోకి చేరి కణాలను దెబ్బతీస్తాయి. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం.

ముక్క వాసనకు పిల్లలు మేత తగ్గిస్తాయి, అది ఒక కారణం. తిన్నది కూడా ఒంటికి పట్టదు. కాలేయం వదిలే ఐజీఎఫ్-1 అనే ప్రోటీను కండ కణం మీద కబురు అందుకునే రిసెప్టర్‌కు అతుక్కుంటేనే ‘కండ కట్టు’ అన్న కబురు లోపలికి వెళ్తుంది. ఆ కబురును లోపల అందుకునేది ఐఆర్ఎస్-1 అనే మరో ప్రోటీను. స్ట్రెస్ ఎక్కువైతే జేఎన్‌కే అనే ఎంజైము మేలుకుని, ఐఆర్ఎస్-1 మీద పెట్టకూడని చోట ఫాస్ఫేటు పెడుతుంది. ఐజీఎఫ్ ఉన్నా, రిసెప్టర్ ఉన్నా కబురు అక్కడే ఆగిపోతుంది. ఈ వివరాలు ఎక్కువగా ఎలుకలు, మనుషుల కణాల్లో తేలినవి. ఐజీఎఫ్-1, దాని రిసెప్టర్ కోడిలోనూ ఉన్నాయి.

టానిక్‌లోని విటమిన్ ఇ, సెలీనియం చేసే పని పెరాక్సైడ్లను తగ్గించడమే. అలాగని ఒంట్లో పెరాక్సైడ్ అసలే ఉండకూడదని కాదు. టానిక్ అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. పెరుగుదల కబురు అందగానే కణమే కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేసుకుంటుంది. కబురును చెరిపేసే ఫాస్ఫటేజ్ ఎంజైములను అది కాసేపు ఆపి ఉంచుతుంది. పీడీజీఎఫ్ అనే మరో పెరుగుదల ప్రోటీను మీద 1995లో ఎలుక కణాల్లో చూశారు: ఆ పెరాక్సైడ్‌ను తీసేస్తే సంకేతం నడవలేదు. పైగా సెలీనియం విషయంలో అవసరానికీ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ. బ్రాయిలర్ పిల్లకు కిలో దాణాలో 0.15 మిల్లీగ్రాములు చాలు, మీ మినరల్ మిక్స్‌చర్‌లో అది ఇప్పటికే ఉండొచ్చు. టానిక్ లేబుల్ చదివి, అందులో ఉన్న డోసే పట్టండి.

మెడ తిప్పడం విటమిన్ ఇ లోపం కావచ్చు, కొక్కెర తెగులు (రాణిఖేత్) కూడా కావచ్చు. ఆకుపచ్చ విరేచనాలు, గురక ఉంటే కొక్కెరనే అనుమానించాలి. చనిపోయిన పిల్లను వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లి కోయించండి. చిన్నమెదడు ఉబ్బి, రక్తపు చుక్కలుంటే విటమిన్ ఇ లోపమే. మెదడు బాగా దెబ్బతిన్న పిల్లలు మందు వేసినా కోలుకోవు.

ఇకపై నూనె తీసిన తవుడు, అదే డీఓబీ వాడండి. అందులో శక్తి తక్కువ కాబట్టి మొక్కజొన్న కొంచెం పెంచాలి. పచ్చి తవుడే కావాలంటే ఏ వారానికావారం తెచ్చుకోండి. ముక్కిన తవుడులో యాంటీఆక్సిడెంట్ పొడి కలిపినా పోయిన విటమిన్ తిరిగి రాదు. మిగిలిన బస్తాలు గేదెకైనా పనికొస్తాయని దాచకుండా పెంటకుప్పలో వేసేయండి.