అల్లుడి తొలి సంక్రాంతికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది పలాస. వయసు 52. జీడిపప్పు పరిశ్రమలో గుమస్తాగా పనిచేస్తున్నాను. జీతం 24,000 రూపాయలు, ఇంటి ఖర్చు 19,000, బ్యాంకులో 38,000 ఉన్నాయి. ఈ వేసవిలో మా అమ్మాయిని విజయనగరం ఇచ్చాం. మొన్న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వియ్యాలవారు పిలిస్తే వెళ్లాం. మేం పెట్టిన చీరను వియ్యపురాలు కవరు విప్పకుండానే బీరువా మీద పెట్టి, పెద్దకోడలి పుట్టింటివారు బండి కొనిచ్చిన సంగతి నలుగురిలో చెప్పారు. తిరుగు రైల్లో నా భార్య ఏడుస్తూనే ఉంది. తొలి సంక్రాంతికి అల్లుడికి మోటారు సైకిల్ పెడదామని 1,50,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నాను. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మాట ఇచ్చేసినా సరే, రేపే వెళ్లి వద్దని చెప్పి రండి. దసరా తరువాత ఇదే ఆలోచనతో అప్పు చేసి, ఉగాది నాటికి వడ్డీ కట్టలేక నా దగ్గరకు వచ్చేవారిని ఏటా చూస్తున్నాను కాబట్టే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ అప్పుకు నెల వడ్డీయే 4,500 రూపాయలు, ఖర్చులు పోను మీకు మిగిలేది 5,000. ఏడాది తిరిగేసరికి 54,000 వడ్డీ కట్టి ఉంటారు, అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు, అప్పటికి రెండో సంక్రాంతి వచ్చేస్తుంది. మీ భార్య నగలు బ్యాంకులో పెడితే వడ్డీ తగ్గుతుంది గానీ బండి కోసం ఆ పనీ చేయవద్దు. ఫోన్లో ఐదు నిమిషాల్లో ఇచ్చే అప్పుల జోలికి అసలే పోవద్దు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ 38,000. అది సరిగ్గా రెండు నెలల ఇంటి ఖర్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అవి దసరా నవరాత్రుల రోజులు. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా కూలిపోయి, రోజుల తరబడి కరెంటు లేక పనులు ఆగిపోయినప్పుడు, పండక్కి కొన్న కొత్త బట్టలు మడత విప్పకుండానే ఉండగా, బియ్యం కోసం భార్య చెవి దిద్దులు తాకట్టు పెట్టిన ఒక జీడి కార్మికుణ్ణి నేను కళ్లారా చూశాను. మీ జీతమూ ఆ జీడి మీదే ఆధారపడి ఉంది. అందువల్ల ఆరు నెలల ఖర్చు, అంటే 1,14,000 రూపాయలు, మీ చేతిలో ఉండి తీరాలి. ఇంకా 76,000 కావాలి. నెలకు 5,000 చొప్పున వేస్తే పదహారు నెలలు పడుతుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా (ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన) కూడా ఇంతవరకు లేకపోతే ఈ వారమే కట్టండి.

మీ భార్య పడిన బాధ చిన్నది కాదు. తెచ్చిన చీరను విప్పి చూడకపోవడం వియ్యపురాలి తప్పే. అయితే ఈ ఏడు బండి పెడితే, వచ్చే ఏడు పెద్దకోడలివారు పెట్టిన మరో వస్తువు మాటల్లోకి వస్తుంది. అల్లుడుగారు బండి కావాలని అడిగినట్లు మీరు రాయలేదు. అడిగి ఉంటే అది 1961 నాటి వరకట్న నిషేధ చట్టం దాకా వెళ్లే విషయం. ముందు మీ అమ్మాయితో మాట్లాడి అతని మనసు తెలుసుకోండి. పండక్కి పది రోజుల ముందు మీరిద్దరూ స్వయంగా విజయనగరం వెళ్లి, బొట్టు పెట్టి పిలిచి, మీ శక్తి ఎంతో వియ్యంకుడిగారికి నేరుగా చెప్పండి. నవంబరు, డిసెంబరు నెలల్లో మిగిలే 10,000 ఈ పండక్కి వాడుకోండి. ఇద్దరికీ బట్టలు, ఇంట్లో వండిన పొంగడాలు, అరిసెలు, మీ ఊరి జీడిపప్పుతో సారె ఆ డబ్బులో నిండుగా వస్తుంది.

ఆ 38,000 మాత్రం ముట్టుకోకండి. దాన్ని వేరే ఖాతాలో వేసి, జనవరి నుంచి జీతం పడిన రోజునే 5,000 అందులోకి వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకుండా, పాసుపుస్తకం మీ భార్య చేతికి ఇవ్వండి.