ఫ్లూ గురించి రాస్తున్న చిరంజీవికి

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. నాకు పట్టింపు ఒక్క చోటే. "బార్‌కోడ్ చదివితే వైరస్ ఏదో తెలిసిపోతుంది" అన్నావు. బార్‌కోడ్ అంటే ఏ జీవో గుర్తుపట్టడానికి చదివే చిన్న జన్యు ముక్క. ఎంతవరకు తెలుస్తుంది? అది చెప్పకపోతే వ్యాసం సగమే అయినట్టు.

జంతువులకు ఆ బార్‌కోడ్, కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలోని సీఓ1 అనే జన్యువులో ఒక ముక్క. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతి అది. వైరస్‌కు మైటోకాండ్రియా ఉండదు. అన్ని వైరస్‌లలోనూ ఉండే జన్యువంటూ ఒక్కటీ లేదు. కాబట్టి "ప్రతి వైరస్‌కూ ఒక బార్‌కోడ్" అన్న మాట తీసెయ్యి. ఫ్లూకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. టైప్ ఏ ఫ్లూ వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు పదార్థం, ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకూ ఒక కొసన 12, రెండో కొసన 13 జన్యు అక్షరాలు దాదాపు మారవు. ఆ కొసలను పట్టుకుని నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు వేస్తే ఎనిమిదింటికీ ఒకేసారి నకళ్లు తీయొచ్చు. నీ వ్యాసంలో ఇది లేదు. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది, ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

ఇక పేర్లు. ఏ, బీ, సీ, డీ అనేవి ఫ్లూ వైరస్‌లో టైపులు. వాటిలో ఎం అనే జన్యువు పెద్దగా మారదు కనుక దాన్ని చూస్తే టైప్ ఏ అని తేలుతుంది. అది ఇంటిపేరు తెలియడం లాంటిది, మనిషెవరో ఇంకా తెలియదు. టైప్ ఏలో ఉపరకం హెచ్1 అయినా, హెచ్5 అయినా హెచ్‌ఏ జన్యువు చూస్తేనే బయటపడుతుంది. వైరస్ కణాన్ని పట్టుకునే ప్రోటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. ఆ ప్రోటీన్ రెండుగా తెగే చోట లైసిన్, ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా చేరితే, కోడి ఒంట్లో ఏ అవయవంలోనైనా అది తెగగలదు. కోళ్లను ఊచకోత కోసే హెచ్5 రకాన్ని అలా గుర్తుపడతారు.

అలాగని ఒక్క ముక్క చూసి వంశమంతా చెప్పెయ్యకు. 1968 నాటి హెచ్3ఎన్2 ఫ్లూ వైరస్‌లో హెచ్‌ఏ, పీబీ1 అనే రెండు ముక్కలు పక్షుల వైరస్ నుంచి వచ్చాయి. మిగతా ఆరూ అప్పటికే మనుషుల్లో తిరుగుతున్న హెచ్2ఎన్2వి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లు చనిపోయాయి. నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. అలాంటి రోజుల్లో "టైప్ ఏ" అని మాత్రమే వచ్చిన రిపోర్టును బర్డ్ ఫ్లూ అని రాస్తే అప్పు తెచ్చి ఫారం పెట్టిన రైతు ఏమైపోతాడు? మనుషులకు ఏటా వచ్చే హెచ్3ఎన్2 కూడా టైప్ ఏనే కదా. హెచ్5 అని తేలిన తర్వాత "ఏదో తెగులు" అని మెత్తగా రాసినా అంతే అన్యాయం, చచ్చిన కోళ్లను ఉత్త చేతులతో ఎత్తే కూలీ ఉన్నాడు. ఇలాంటి వార్త రాయాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అందుకే రిపోర్టు చేతికి రాగానే ఏ జన్యువు చూశారో అడుగు. ఆ జన్యువు ఎంత చెబుతుందో అంతే రాయి.

ఇంకొకటి. టైప్ బీలో విక్టోరియా, యమగాటా అనే రెండు శాఖలూ తిరుగుతున్నాయని రాశావు. 2020 మార్చి తర్వాత యమగాటా సహజంగా సోకినట్టు ధ్రువీకరణ లేదు. ఆ వాక్యం మార్చి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.