ప్రభుత్వ ఆఫీసులు సైబర్ దాడులకు ఇంత తేలిగ్గా ఎందుకు దొరికిపోతున్నాయి? ఎథికల్ హ్యాకర్లను (లోపాలు కనిపెట్టి చెప్పే మంచి హ్యాకర్లను) ఉద్యోగాల్లోకి తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. బెంగళూరులో ఏఎంసీ కాంట్రాక్టులు, అంటే ఆఫీసుల కంప్యూటర్లకు ఏడాది పొడవునా రిపేర్లు, చేసే ఒక చిన్న కంపెనీలో నేను హార్డ్‌వేర్ పని చేస్తాను. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, యూపీఎస్ కూతపెట్టినా వెళ్ళేది మేమే. మీ ప్రశ్నకు ఇప్పటికే వచ్చిన జవాబుల్లో అందరూ బయటి దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్ గురించే రాశారు. వాళ్ళెవరూ ఆ ఆఫీసుల్లో టేబుల్ కింద దూరినట్టు లేదు.

ఆస్తి ఖాతాల (ఇల్లు, స్థలం ఎవరి పేరున ఉందో రాసుకునే రికార్డుల) పని చూసే ఒక ఆఫీసుకు ఆమధ్య ఎస్‌ఎంపీఎస్, అంటే సీపీయూకి కరెంటిచ్చే డబ్బా, మార్చడానికి వెళ్ళాను. ఏ ఆఫీసో అడక్కండి, బిల్లు ఇంకా రావాలి. సీపీయూకి అధికారి డిజిటల్ సంతకం డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటిది, సంతకం దాంట్లోనే ఉంటుంది) గుచ్చి ఉంది. ఎవరూ జేబులో వేసుకుని పోకుండా దానికి పసుపు దారం కట్టి, రెండో కొసను టేబుల్ కాలికి ముడేశారు, బ్యాంకులో పెన్నుకు కట్టినట్టు. పిన్ నంబరు మానిటర్ అంచున తెల్ల ప్లాస్టర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. అంటే భద్రత లేదని కాదు, ఉంది. డాంగిల్‌ను దొంగ ఎత్తుకుపోలేడు, కానీ అక్కడే కూర్చుని సంతకం పెట్టుకోవచ్చు.

సీట్లో కోలారు వైపు కుర్రాడు, ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్. "సంతకం సార్ కదా పెట్టాల, నువ్వెందుకు పెడతాండావు తమ్ముడూ?" అన్నాను.

"సార్ సైటుకు పొయ్యుండాడన్నా. ఫైళ్ళు నిలిచిపోతే మీటింగులో ఆయనకి తిట్లు, ఆయన కాడ్నుంచి నాకు. నువ్వు బిరీన బిగించి ఇచ్చెయ్, బయట జనం నిలబడుకోనుండారు."

మిషన్ ఆన్ కాగానే యాంటీవైరస్ గడువు తీరిందని మూలన ఎర్రగా ఒక పెట్టె లేచింది. కుర్రాడు దాని వైపు చూడకుండానే మూసేశాడు. లాగిన్‌లో ఎవరో అమ్మాయి పేరు కనబడింది. అదేమిటంటే, తనకు ముందు పనిచేసిన అక్కదట. ఆమె పెళ్ళై హోసూరు వెళ్ళిపోయింది, కొత్త లాగిన్ కోసం పెట్టిన అర్జీ పైనెక్కడో తిరుగుతోంది. రికార్డుల ప్రకారం ఆ అక్క ఇప్పటికీ రోజూ డ్యూటీకి వస్తున్నట్టే. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చేత్తో పెట్టిన సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. రేపు ఒక దొంగ ఖాతా బయటపడితే పోలీసులు ఎవర్ని పట్టుకోవాలి? సైటుకు పోయిన సార్‌నా, హోసూరు అక్కనా? నన్నడిగితే ఇద్దర్నీ వదిలేసి ఈ కుర్రాణ్ణి పట్టుకుంటారు. అధికారి పని కూడా తనే చేస్తూ, జీతం ఏజెన్సీ కమిషన్ పోగా తీసుకుంటున్నవాడు వాడే.

నెలలో మొదటి బుధవారం 'సైబర్ జాగరూకతా దివస్' జరపాలని కేంద్ర హోంశాఖ చెప్పింది. ఆ ఆఫీసులో పోస్టరు కూడా ఉంది, సరిగ్గా నేను చెప్పిన మానిటర్ వెనక గోడకే.

అప్‌డేట్ల సంగతి అడక్కండి. 2017 మేలో ఫైళ్ళు లాక్ చేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా బిగుసుకుపోయాయి. దాన్ని ఆపే ప్యాచ్‌ను, అంటే లోపం సరిచేసే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. చెన్నై తక్కువ తిన్లేదు. 2021 సెప్టెంబరులో సచివాలయంలో పబ్లిక్ డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లను లాక్ చేసి 1,950 డాలర్లు అడిగారు. అప్పటి లెక్కన మన రూపాయల్లో లక్షా నలభై వేల చిల్లర. మా ఓనరుకు రావాల్సిన బకాయిలు అంతకంటే ఎక్కువే.

కర్ణాటకలో 2019లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ నుంచి 11 కోట్లకు పైగా లాగేశారు. అది టెండర్ వేసేవాళ్ళు ముందుగా కట్టిన ఈఎండీ, అంటే ధరావతు డబ్బు. మాలాంటి కంపెనీలు టెండర్‌లో ఎల్-1 (అందరికంటే తక్కువ రేటు) కోసం రేటు కోసుకుని, కోసుకున్న రేటుకు తగ్గ మనుషుల్ని పెట్టి, మళ్ళీ ఆ డబ్బు వెనక్కి రావడానికి తిరగాలి. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడి చేతికి సర్వర్ తాళాలిచ్చి, తర్వాత రష్యా వాణ్ణి, చైనా వాణ్ణి తిట్టుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకో సంగతి. 2022లో సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశమిచ్చింది, దాడి గుర్తించిన 6 గంటల్లో తమకు చెప్పాలని. గుర్తించేదెవరు? 2025 జనవరిలో ఇక్కడి రిజిస్ట్రేషన్ల పోర్టల్ కావేరి 2.0 మీద డీడాస్ దాడి (ఒకేసారి లెక్కలేనన్ని రిక్వెస్టులు పంపి సర్వర్‌ను కూలదోయడం) జరిగింది, పోలీసు కేసు కూడా అయింది. నేను ఆ రోజుల్లో ఒక ఆఫీసు వరండాలో జనం మధ్య నిలబడి ఉన్నాను. ఒక్కరూ కంగారుపడలేదు. "సర్వర్ డౌన్ అంతే, టీ తాగొద్దాం రా" అని ఒక బ్రోకరు తన పార్టీని హోటలుకు తీసుకెళ్ళాడు. మామూలు రోజుకూ దాడి జరిగిన రోజుకూ తేడా తెలియని చోట 6 గంటల లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

నన్ను అడిగితే ఆపరేటర్‌కు తన పేరుతో లాగిన్ ఇవ్వండి, మనిషి మానేసిన సాయంత్రమే దాన్ని మూసేయండి, డాంగిల్ సార్ జేబులో ఉండాలి. సార్ లేకపోతే ఫైలు ఆగాలి. ఇందులో పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ దీనికి టెండర్ పిలవరు. ఎథికల్ హ్యాకర్‌ను తీసుకుంటారా, తీసుకోండి. అతన్ని కూడా ఏజెన్సీ ద్వారానే తీసుకుంటారు, మూడు నెలలకోసారి జీతమిస్తారు, మొదటి రోజు ఆ హోసూరు అక్క లాగిన్‌తోనే కూర్చోబెడతారు.