బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా?

ప్రశ్న: మాది మర్రిగూడ దగ్గర పల్లె. భగీరథ నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయని తాగడానికి, వంటకు మళ్లీ బోరు నీళ్లే వాడుతున్నాం. మా బాబుకు ఐదేళ్లు. వాడికి మాత్రం బాగా మరగబెట్టి చల్లార్చి ఇస్తున్నాను. గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటోంది. ఫ్లోరైడ్ అలా దిగిపోయినట్టేనా? మా అత్తమ్మకు నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అదీ ఈ నీళ్ల వల్లేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: లేదమ్మా, పోదు. బాబుకు ఆ నీళ్లు ఇవాళ్టి నుంచే మానెయ్యండి.

గిన్నెకు పట్టిన తెల్లటి పొర ఎక్కువగా సున్నపు లవణాలే. కాచినప్పుడు అవి అడుగుకు చేరతాయి, ఫ్లోరైడ్ మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఆవిరయ్యేది ఒట్టి నీరు కాబట్టి దాని గాఢత ఇంకా పెరుగుతుంది. లీటరులో 2 మిల్లీగ్రాములున్న నీళ్లను ముప్పావు లీటరయ్యేదాకా మరిగిస్తే, అది లీటరుకు దాదాపు 2.7 మిల్లీగ్రాముల లెక్కకు వస్తుంది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే దారి లేనప్పుడే 1.5. మరిగిస్తే క్రిములు చస్తాయి, అంతవరకే.

నీటికి ఎన్నో పదార్థాలను కరిగించుకునే గుణం ఉంది. దాని అణువులో ఒక కొసన ధనావేశం, ఇంకో కొసన రుణావేశం ఉండటంతో లవణాలను విడదీసి తనలో కలుపుకుంటుంది. రక్తం చక్కెరను, ఉప్పును ఒళ్లంతా మోసుకెళ్లేదీ, మూత్రపిండాలు మలినాలను కడిగేసేదీ ఈ గుణం వల్లే. నల్లగొండ నేల కింద గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. లోతు బోర్లలో నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. అలా కరిగిన ఫ్లోరైడ్ రంగుకు, రుచికి తెలియదు.

పెద్దల ఒంట్లో చేరినదాంట్లో సగం దాకా మూత్రంలో పోతుంది. పిల్లల ఎదిగే ఎముకలు ఎక్కువ పట్టి ఉంచుకుంటాయి. పైగా మీ బాబుకు రావాల్సిన శాశ్వత దంతాలు ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. వాటి మీద మచ్చలు పడేది ఈ వయసులోనే.

భగీరథ కింద మీ వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. తాగడానికీ వంటకూ అవే వాడండి. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు నీటితోపాటు ఫ్లోరైడునూ పీల్చుకుంటాయి కాబట్టి వంట సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వెడల్పు మూతి గిన్నెలో పట్టి, పల్చటి గుడ్డ కప్పి కొన్ని గంటలుంచితే బ్లీచింగ్ వాసన తగ్గుతుంది. బోరు నీళ్లు బట్టలకు, స్నానానికి సరిపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ నీళ్లను పరీక్షించి మోతాదు లెక్కకట్టాలి, ఇంట్లో అందాజాగా పటిక వేయకండి.

బాబుకు టీ అలవాటుంటే మాన్పించండి, తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు, జామకాయ పెట్టండి.

అత్తమ్మ నొప్పులు వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కూడా కావచ్చు, చూడకుండా చెప్పలేను. మెడ తిప్పలేకపోవడం, నడుము వంగకపోవడం ఉంటే ముంజేతికీ కటి భాగానికీ ఎక్స్‌రే, మూత్రపిండాల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఎముకలకు పట్టిన ఫ్లోరైడును కరిగించే మందు లేదు. ఎవరైనా అలా చెప్పి అమ్మితే కొనకండి. నీళ్లు మారిస్తే మాత్రం ఇంకా ముదరకుండా ఆపవచ్చు.