తలుపును బట్టే బీరువా

ప్రశ్న: తెనాలి దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు నడవ గుమ్మానికి ఉన్న టేకు తలుపులను, ద్వారబంధంతో సహా, గుంటూరు తెచ్చుకున్నాము. ఒక్కొక్క రెక్క ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, వెడల్పు 20 అంగుళాలు, మందం అంగుళంన్నర. వీటిని ముందు నిలిపి పడకగదిలో బట్టల బీరువా చేయించాలని మా కోరిక. అయితే ఆ గోడకు నేల నుంచి 6 అడుగుల 10 అంగుళాల ఎత్తులో అటక ఉంది. కింద పీఠం, పైన నగిషీ పట్టీ వేస్తే పట్టదు కనుక తలుపులను అడుగున 4 అంగుళాలు కోయాలని వడ్రంగి అంటున్నారు. కోయించవచ్చా? ఆకుపచ్చ రంగును గీకించి పాలిష్ పెట్టించాలా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దయచేసి కోయించకండి. పాత తలుపు రెక్క బలమంతా మూలల్లో, అడ్డపట్టీ కొన నిలువుపట్టీలోకి దిగిన అతుకులో ఉంటుంది. అడుగున నాలుగు అంగుళాలు తీసేస్తే కింది అడ్డపట్టీలో సగానికి పైగా, దానితోపాటు ఆ అతుకూ పోతాయి. కొన్నాళ్లకే రెక్క వదులై, ఒక పక్కకు ఒరిగి, నేలను రాసుకోవడం మొదలవుతుంది. తగ్గించవలసినది తలుపును కాదు, బీరువాను.

మీరు రాసిన కొలతలతోనే లెక్క చూద్దాం. పీఠం 3 అంగుళాలు, దానిపై అడ్డకమ్మీ రెండున్నర, రెక్క 73, రెక్కకు పైనా కిందా వదిలే సందులు కలిపి పావు, పై అడ్డకమ్మీ రెండున్నర: మొత్తం 81 అంగుళాల పావు. అటక 82 అంగుళాల దగ్గర ఉంది కనుక ముప్పావు అంగుళం ఇంకా మిగులుతుంది. వదులుకోవలసింది పైన నగిషీ పట్టీ ఒక్కటే. అంత పనితనం ఉన్న తలుపుల మీద కొత్త నగిషీ లేకపోవడమే మేలని నా అభిప్రాయం.

వెడల్పును మాత్రం 20, 20 కలిపి 40 అని కాగితం మీద రాసుకోకండి. జంట తలుపులలో ఒక రెక్క అంచు రెండవదాని మీదికి ఎక్కుతుంది కాబట్టి రెండింటినీ నేల మీద మూసిన భంగిమలో పరిచి, పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ఆపైన మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. అరవై డెబ్బై ఏళ్లు ఇంటి బరువు కింద నిలబడిన తలుపు మూలమట్టానికి సరిగ్గా ఉండటం అరుదు. నేను ఒకసారి పైన మాత్రమే కొలిచి చట్రం కట్టించాను. తలుపు కింది వైపు పావు అంగుళం ఎక్కువ ఉంది, చివరకు పాత అంచు మీద చిత్రిక పట్టవలసి వచ్చింది. ఆ గీత ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది. అందుకే అన్నింటిలో పెద్ద కొలత తీసుకుని, ఇరుపక్కలా 3 మిల్లీమీటర్ల చొప్పున సందు కలపండి. మే నెల ఎండలో బిగుతుగా కూర్చిన తలుపు శ్రావణం వచ్చేసరికి ఉబ్బి పట్టేస్తుందన్నది మన కృష్ణా తీరంలో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. చెక్క పొడవులో కదలదు, అడ్డంగానే కదులుతుంది. కొలిచే ముందు తలుపులను రెండు మూడు వారాలైనా ఆ గదిలోనే ఉంచండి.

ఇక బరువు సంగతి. నా లెక్కన మీ రెక్క ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు ఉంటుంది. అంత బరువును ప్లైవుడ్ అంచులోకి దిగిన మరలు మోయలేవు. పొరల మధ్య చీలిక వచ్చి బందులు ఊడివస్తాయి. కనుక ముందు భాగంలో గట్టి టేకు చట్రం నిలిపి బందులను దానికే బిగించాలి, ప్లైవుడ్ పక్కలకు, వీపుకు, అరలకు సరిపోతుంది. ఆ చట్రానికి చెక్క కొనవలసిన పని లేదు, మీరు తెచ్చుకున్న ద్వారబంధమే ఉంది కదా. కోయించే ముందు దాని మీద అయస్కాంతం తిప్పి లోపలి మేకులు వెతికి పీకించండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పూసే ముందు అతుకు ముఖాన్ని థిన్నరులో ముంచిన గుడ్డతో తుడవాలి.

రెక్కకు మూడేసి 4 అంగుళాల ఇత్తడి బందులు వేయించండి; లోపల దాగి ఉండే కప్పు బందుల కోసం పాత టేకులో 35 మిల్లీమీటర్ల గుంటలు తొలిపించవద్దు. ప్లైవుడ్ భారత ప్రమాణం ఐ.ఎస్. 303 ముద్ర గల, మరిగే నీటిని తట్టుకునే బి.డబ్ల్యు.ఆర్. రకం తీసుకోండి. గదికి తడి వస్తుందన్న అనుమానం ఉంటే ఐ.ఎస్. 710 మెరైన్ రకం మంచిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీరు చేరి నిలిచింది. నీళ్లలో నానిన నాసిరకం చెక్కసామాను ఉబ్బి విడిపోతుందని అక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

రెండు రెక్కలూ ఒకేసారి తెరిస్తే 40 కిలోల బరువు ముందుకు వస్తుంది, ఖాళీ బీరువా అయితే తల్లకిందులై మీద పడవచ్చు. పై అడ్డకమ్మీని గోడకు యాంకర్ బోల్టులతో బిగించకుండా తలుపులు తొడిగించకండి. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

రంగు విషయంలో జాగ్రత్త పడవలసిన కారణం ఒకటి ఉంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాలలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. మీ తలుపుల మీది పాత పొరలలో సీసం ఉందనే అనుకుని పని చేయించాలి. పొడిగా ఉప్పుకాగితంతో రుద్దించవద్దు, మంటతో కాల్పించవద్దు. రిమూవర్ పూసి, మెత్తబడిన రంగును తడిగానే గీకించి, గీకిన దాన్ని కాగితంలో మూటగట్టించండి. పని బయట జరగాలి, పనివారు మాస్కు కట్టుకోవాలి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. కాస్టిక్ సోడా చవకే కానీ టేకును నల్లబరుస్తుంది.

రంగు పోయాక గొళ్ళెం చుట్టూ జాగ్రత్తగా చూడండి. గొలుసు ఊగి ఊగి చెక్క మీద అర్ధచంద్రాకారంలో గీసిన గాడి ఒకటి కనబడవచ్చు. మీ తాతగారి ఇంట్లోవారు తలుపు తీసిన ప్రతిసారీ పడిన గీత అది. దాన్ని చిత్రిక పట్టి నున్నగా చేయించవద్దని వడ్రంగికి ముందే చెప్పండి.

ప్రశ్న: పాత కలప అడితిలో కొన్న ఒంటి తలుపుతో పుస్తకాల బీరువా చేయిస్తున్నాను. తలుపు అంచున చిన్న చిల్లులు, కింద పిండిలాంటి పొడి ఉన్నాయి. అవిసె నూనె పూస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: అది పుచ్చు. టేకు చేవను, అంటే లోపలి గట్టి చెక్కను, పురుగు సాధారణంగా ముట్టదు, అంచున మిగిలిన తెల్ల చెక్కనే తింటుంది. చిల్లులున్న ఆ తెల్ల పట్టీని తీయించి, చేవగల ముక్కను అతికించి, పక్కనున్న చెక్కకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు రెండుసార్లు పట్టించి బాగా ఆరనివ్వండి. నూనె ముందు పూస్తే మందు లోపలికి ఇంకదు. నూనె పూసిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరవేసి, గట్టిపడ్డాక పారవేయండి.